మా అత్త కారుకు సబ్‌వూఫర్

మా మేనత్త పోయిందన్న కబురు, నేను కొట్టు షట్టరు సగం ఎత్తి ఉండగా వచ్చింది. విజయనగరం నుంచి వదిన ఫోను. అత్త కూతురే నాకు వదిన. "అమ్మ లేదే" అంది. వెనక ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. కంటి పరీక్షకని కూతురి ఇంటికి వెళ్ళిన అత్త, పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం గేటు దాకా నడిచి, తిరిగి వస్తూ మెట్టు దగ్గర కూలబడిపోయిందట. డాక్టరు వచ్చేలోపే అంతా అయిపోయింది.

అప్పుడు నేను ఏం చేశానో చెబితే నవ్వుతారు. షట్టరు పూర్తిగా ఎత్తాను. మడత పెట్టి ఉన్న చీరలన్నీ దించి మళ్ళీ మడత పెట్టాను. ఊడ్చిన చోటే ఊడ్చాను. పక్క కిరాణా కొట్టాయన వచ్చి "ఏటమ్మా, ఏటయింది?" అని అడిగేదాకా కూర్చోవాలని కూడా తోచలేదు. కూర్చున్నాక ఇంకా కష్టమైంది. ఈ నాలుగు మాటలు రాస్తూ కూడా లేచి లేచి గదంతా తిరుగుతున్నాను. కుదురు లేకపోవడం నాకు మా అత్త దగ్గర అబ్బిందే.

మా నాన్న పోయాక, నా డిగ్రీ అవగానే, అత్త నన్ను ఎస్.కోట నుంచి అరకు తీసుకొచ్చి తన బట్టల కొట్టులో పెట్టుకుంది. అప్పటికే మామయ్య లేడు. ఆయన ఉన్నప్పుడు ఇద్దరూ బట్టల మూటలు జీపులో వేసుకుని సంత సంతకీ తిరిగేవారట. ఆయన పోయాక జీపు అమ్మేయమని చుట్టాలందరూ చెప్పారు. అత్త అమ్మలేదు. స్టీరింగు పట్టుకుంది. అనంతగిరి, పాడేరు, ముంచింగిపుట్టు, ఎక్కడ సంత ఉంటే అక్కడికి తనే తోలుకుంటూ వెళ్ళింది. కొండల మీది ఆడవాళ్ళు ఆమెను బండమ్మ అనేవారు. బండి తోలే అమ్మ అని.

ఆమె టీ నిలబడే తాగేది. చీర మడత పెడుతూ కొట్టులో అటూ ఇటూ నడిచేది. కూరగాయలు కొనేటప్పుడు కూడా జీపు ఇంజను ఆపేది కాదు. "కాసేపు కూర్చోవచ్చు కదత్తా" అంటే, "కూకుంటే కాళ్ళకి ఏర్లు మొలిసీగలవే" అనేది. సినిమా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. విశ్రాంతికి ముందే లేచి బయటికొచ్చి, చివర్లో ఏమైందో నన్ను అడిగేది.

అలాంటి మనిషికి అరవై దాటాక స్పోర్ట్స్ కారు మీద మనసు పోయింది. కింద మైదానం నుంచి వచ్చి ఇక్కడ రిసార్టు పెట్టిన ఒకాయన పసుపు రంగు కారు కొనుక్కున్నాడు. రెండే తలుపులు, రెండే సీట్లు. నేలకు అంటుకుపోయినంత ఎత్తు. మా రోడ్ల మీద ప్రతి స్పీడు బ్రేకరుకూ దాని కడుపు రాసుకునేది. ఆయన విసిగిపోయి, ఎవరైనా కొంటే చాలనుకుంటున్న సమయంలో అత్త వెళ్ళి ఒకసారి తోలి చూస్తానంది. సుంకరమెట్ట దాకా వెళ్ళి వచ్చింది. తిరిగొచ్చి దిగేసరికి ఆమె ముఖం చూడాలి. జుట్టంతా రేగిపోయింది, కళ్ళు మెరిసిపోతున్నాయి. జీపూ, దాచుకున్న డబ్బూ ఇచ్చేసి ఆ కారు తెచ్చేసుకుంది. స్పీడు బ్రేకరు దాటడం ఆమె దగ్గర చూసి నేర్చుకోవాలి. పడవను గట్టుకు చేర్చినట్టు, ఏటవాలుగా, ఒక్కొక్క చక్రమే ఎక్కించేది.

ఆ కారులో పాటలు పెట్టుకుని తిరగాలని ఆమె కోరిక. కానీ అప్పటికే ఆమె చెవులు మెల్లగా వెళ్ళిపోతున్నాయి. మేము గమనించేసరికి చాలా దూరం పోయాయి. పాట పెడితే "ఈ పాడీవోళ్ళందరూ గుసగుసలాడతన్నారేటే?" అనేది. విశాఖపట్నం తీసుకెళ్ళి చూపించాం. సన్నని శబ్దాలు పోయాయి, లావు శబ్దాలు ఇంకా అందుతున్నాయి అన్నాడు డాక్టరు. చెవుల్లో పెట్టుకునే మిషన్లు ఇచ్చాడు. అత్త వాటిని రెండు రోజులు పెట్టుకుని తీసేసింది. "సెవిలో జోరీగని పెట్టీసినాడు ఆ డాట్రు. నాకొద్దు" అంది. అవి డబ్బీలోకి, డబ్బీ బీరువాలోకి వెళ్ళిపోయాయి.

ఒకరోజు మా కొట్టు ముందునుంచి పెళ్ళి ఊరేగింపు పోతోంది. డీజే బండి మీద మనిషెత్తు స్పీకర్లు. కొట్టులో రేకులు దడదడలాడాయి, హేంగర్లు ఊగాయి. నేను చెవులు మూసుకున్నాను. అత్త మాత్రం చేతిలో ఉన్న లంగా గుడ్డతోనే రోడ్డు మీదికి పరుగెత్తింది. బండి పక్కనే నడుస్తూ, రొమ్ము మీద చెయ్యి వేసుకుని, మలుపు దాకా వెళ్ళిపోయింది.

తిరిగొచ్చి, "ఇనబడిందే గుంటా! దరువంతా ఇనబడింది. ఇక్కడ" అని రొమ్ము మీద తట్టి చూపించింది. "ఆ మోత మన కారులో పెట్టిత్తారేటి?"

పెడతారు. సాలూరులో పెడతారు. లారీల ఊరు కదా, బండికి కావలసింది ఏదైనా అక్కడ దొరుకుతుంది. కారు సౌండ్ సిస్టముకు సబ్‌వూఫర్ అని ఒక పెద్ద స్పీకరు కలుపుతారని, అది పాటలోని లావు శబ్దాలను మాత్రమే మోగిస్తుందని నేను కనుక్కుని చెప్పాను. ఆ వారమంతా ఆమెతో వేగలేకపోయాను. "ఎప్పుడెల్దాం? రేపెల్దామేటి? బేగి ఎల్దాం." కొట్టుకు సెలవు పెట్టి బయలుదేరేదాకా ఆగలేదు.

సాలూరులో సౌండ్ మెకానిక్కు కారు చుట్టూ తిరిగి తల గోక్కున్నాడు. "ఈ బండికి ఎనక సీటే నేదు. డబ్బా ఏడ పెట్టమంటారమ్మగోరూ? డిక్కీలో పెడతాను. ఈదంతా అదిరిపోద్ది."

"ఈది అదరక్కర్నేదు బాబూ. నాకు అదిరితే సాలు. నా ఎనకాల పెట్టు."

సీట్ల వెనక సంచులు పెట్టుకునే చిన్న చోటు ఉంది. అక్కడ పట్టేలా అతను పలుచని చెక్క పెట్టె కట్టి, దానిలో స్పీకరు బిగించాడు. బ్యాటరీ నుంచి లావుపాటి ఎర్ర తీగ లాగి, సీటు కింద ఆంప్లిఫయరు పెట్టాడు. అతను పని చేసినంతసేపూ అత్త వీధిలో పచార్లు చేసింది. అరటిపళ్ళు కొనుక్కొచ్చింది. లారీ టైరు మీద కూర్చుని వెంటనే లేచింది. అడ్డంగా పెట్టిన వ్యానువాడితో తగువు పెట్టుకుంది. మధ్య మధ్యలో వచ్చి, "అయిందా?" అని అడుగుతూనే ఉంది.

మొదటిసారి ఇంజను వేసి పాట పెట్టగానే స్పీకర్లలోంచి సన్నగా ఈల లాంటి రొద వచ్చింది. ఆక్సిలేటరు తొక్కితే ఆ ఈల కూడా పైకి లేస్తోంది. నేను ముఖం చిట్లించాను. అత్తకు ఆ రొద వినబడలేదు. కానీ నా ముఖం చూసింది. "ఏదో బాగోనేదు. దాని మొకం సూడు" అంది మెకానిక్కుతో. అతను ఎర్త్ తీగ విప్పి, కింద రేకు మీద రంగు గీకి మళ్ళీ బిగించాడు. పాట తీగలను కరెంటు తీగకు దూరంగా జరిపాడు. ప్రతిసారీ అతను ఇంజను వేయడం, అత్త నా ముఖం వైపు చూడడం. నా నుదురు విప్పారాకే "ఆఁ, ఇప్పుడు సరిపోనాది" అంది.

తరువాత చెప్పులు విప్పి డ్రైవరు సీట్లో కూర్చుంది. మామయ్య జీపులో వేసే పాత పాట ఒకటి పెట్టమంది. పెట్టాను. కళ్ళు మూసుకుంది. ఆమె కాళ్ళూ చేతులూ కదలకుండా ఉండడం నేను అప్పుడే చూశాను.

"ఇదిగో డోలక్కు" అంది, నడుము వెనక చెయ్యి పెట్టుకుని. "ఇక్కడుంది. మీ మావయ్య స్టీరింగు మీద ఏళ్ళతో కొట్టీవోడు. ఇదే. అచ్చం ఇదే." మెకానిక్కు అటు తిరిగి పానాలు సర్దుకున్నాడు.

ఆ సంతోషంలోనే తిరిగి బయలుదేరాం. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కేసరికి సాయంత్రం పొగమంచు దిగుతోంది. కాఫీ తోటలు, మిరియాల తీగలు పాకిన చెట్లు, అన్నీ తెల్లగా కరిగిపోతున్నాయి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఘాట్ మీద తోలేవాళ్ళు సగం చెవితో తోలుతారు. మలుపు అవతల ఏముందో కంటికి కనబడదు. హారన్ వేసి, అవతలి హారన్ కోసం వింటారు. అత్త ఎన్నేళ్ళుగానో ప్రతి మలుపు ముందూ పాట ఆపేసి, అద్దం దించి, తల కొంచెం బయటికి పెట్టేది. ఆ రోజు మరిచిపోయింది. అద్దాలు మూసి ఉన్నాయి. వీపు వెనక దరువు మోగుతోంది. ఆమె తల ఊపుతూ మలుపు తిప్పింది.

నాకు లారీ హారన్ వినబడింది. "అత్తా, ఆపు!" అని అరిచాను. ఆమె చూపు ముందుకే ఉంది. మళ్ళీ అరిచాను. భుజం పట్టుకుని గుంజాను. అప్పటికి మంచులోంచి లారీ దీపాలు బయటపడ్డాయి. అత్త స్టీరింగు కొండ వైపు తిప్పేసి బ్రేకు తొక్కింది. కారు పక్క అద్దం ఒకటి లారీ చెక్కకు తగిలి విరిగి వేలాడింది. లారీ కొంత దూరం పోయి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి చేతులూపుతూ ఏదో అరిచి, మేము బతికే ఉన్నామని చూసుకుని వెళ్ళిపోయాడు.

పాట ఇంకా మోగుతోంది. నేనే ఆపాను.

"నువ్వు అరిసినావా?" అని అడిగింది అత్త.

"అరిచాను. రెండుసార్లు."

"నాకు ఇనబడనేదే." విరిగిన అద్దం వైపు చూసింది. "లారీవోడు హారను కొట్టినాడా?"

"కొట్టాడత్తా."

ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఉండిపోయింది. "ఇన్నాళ్ళూ నేను ఇని తోలతన్నాననుకున్నాను. నేను కాదు, ఎదరోళ్ళు సూసుకుని తప్పుకున్నారు" అంది. తరువాత తలుపు తీసుకుని దిగింది. కారు ముందునుంచి చుట్టూ నడిచి వచ్చి, నా వైపు తలుపు తెరిచింది.

"జరుగు. నువ్వు తోలు."

నాకు లైసెన్సు ఉంది కానీ ఎస్.కోట వీధులు దాటి ఎప్పుడూ తోలలేదు. "నాకు ఘాట్ రాదత్తా" అన్నాను. ఏడుపొచ్చేస్తోంది.

"నాకు మాత్రం కడుపులోంచే వొచ్చిందేటి? కూకో. గేరు ముందే మార్సు. మలుపులోకి దిగినాక మార్సితే, మలుపే నిన్ను మార్సీగలదు."

అలా పైకి ఎక్కాం. ఎంత మెల్లగా ఎక్కామంటే వెనక బస్సు వాళ్ళు తిట్టుకుంటూ వచ్చారు. నా అరచేతులు చెమటలు పట్టి స్టీరింగు జారుతోంది. పక్కన అత్త, లేని బ్రేకు తొక్కుతూ, లేని గేరు మారుస్తూ, సీట్లో ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంది. తిట్టలేదు. గాలికొండ దాటాక మాత్రం "కుదిరింది" అంది. ఆ ఒక్క మాటకు నేను ఇప్పటికీ బతుకుతున్నాను. ఆ రోజు నుంచి ఆమె స్టీరింగు ముట్టుకోలేదు.

జరిగింది కూతురికి ఫోను చేసి చెప్పమని అత్తే నాతో అంది. దాచమనలేదు. ఆదివారం వదిన బస్సు దిగి నేరుగా ఇంటికొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టింది.

"కారు అమ్మేయమ్మా. కొనేవాళ్ళను కూడా చూశాను. వినబడకుండా కొండల మీద తోలడమేమిటి? పైగా దానికో డబ్బా."

"నేను తోలటం మానీసినాను. గుంట తోలతాది. కారు నా సెవులనేటీ సెయ్యలేదు కదే."

"నీ చెవుల గురించే నేనూ అడుగుతున్నాను." వదిన అత్తకు వినబడేలా దగ్గరగా వచ్చి, ముఖంలో ముఖం పెట్టి చెప్పింది. "పోయిన ఏడాది ఫోన్లో ఏడుస్తూ చెప్పాను. కడుపు నిలవలేదమ్మా అని చెప్పాను. నువ్వేమన్నావో తెలుసా? 'మంచిదమ్మా, జాగర్త' అన్నావు. ఫోను పెట్టేశావు."

అత్త నా వైపు చూసింది, తను విన్నది నిజమేనా అన్నట్టు. నేను తల దించుకున్నాను. ఆ ఫోను సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

"పాట కోసం సాలూరు దాకా వెళ్ళావు" అంది వదిన. "నా కోసం ఆ మిషను చెవిలో పెట్టుకోలేకపోయావా?"

అత్త లేచి లోపలికి వెళ్ళిపోయింది. అలిగి వెళ్ళిందనుకున్నాం. బీరువా తలుపు చప్పుడైంది. గిన్నెలు కదిపిన చప్పుడు, డబ్బాలు వెతికిన చప్పుడు. చాలాసేపటికి బయటికొచ్చింది. రెండు చెవుల్లోనూ మిషన్లు వంకరగా పెట్టుకుని ఉంది. ఒకటి ఈల వేస్తోంది.

"ఇప్పుడు సెప్పు" అంది కూతురితో. "అంతా సెప్పు. మొదట్నించీ."

వదిన ఏడుస్తూ ఆ మిషన్లు సరిచేసి పెట్టింది. నేను వీధిలోకి వెళ్ళిపోయాను. కారు దగ్గర నిలబడి, విరిగిన అద్దానికి చుట్టిన టేపు విప్పి మళ్ళీ చుట్టాను. లోపల తల్లీకూతుళ్ళ మాటలు ఒకటి తరువాత ఒకటి వస్తూనే ఉన్నాయి. వదినకు ఆ రోజు బస్సు తప్పిపోయింది.

ఆ తరువాత మా ఇంట్లో ఒక ఏర్పాటు జరిగిపోయింది. కారు పాటకి డబ్బా, కూతురి మాటకి మిషను. సాయంత్రం కొట్టు కట్టేసి రాగానే అత్త మిషన్లు పెట్టుకుని, ఫోను పట్టుకుని, ఇంటి ముందు అటూ ఇటూ నడుస్తూ మాట్లాడేది. "జోరీగ కుడతంది, బేగి సెప్పవే" అంటూనే గంటలు గడిపేది. పెట్టేసి మిషన్లు పీకి నా చేతిలో పెట్టి, "పద, ఓసారి తిరిగొద్దాం" అనేది.

కారులో వాల్యూమ్ మీద చెయ్యి ఎప్పుడూ ఆమెదే. ఆ ఘాట్‌లో ప్రతి మలుపూ ఆమెకు తెలుసు. మలుపు రాకముందే శబ్దం తగ్గించేసేది, నా చెవుల కోసం. నేను హారన్ వేసి, విని, తిప్పాక మళ్ళీ పెంచుకునేది, తన వీపు కోసం. ఆ రోడ్డంతా పాట అలా మునుగుతూ తేలుతూ వచ్చేది. ఏ పాటనూ నేను పూర్తిగా వినలేదు, ఆమె కూడా వినలేదు.

సంతకు ఆ కారు వేసుకుని వెళ్తే ఆడవాళ్ళు చుట్టూ మూగేవారు. బట్టలు ఎక్కువ పట్టవని నేను గొణిగేదాన్ని. అత్త మాత్రం పాత ఖాతాదార్లను ఒక్కొక్కరినీ సీట్లో కూర్చోబెట్టి దరువు వినిపించేది. ఒక ముసలామె కూర్చుని, ఉలిక్కిపడి లేచి, సీటు కిందికి వంగి చూసింది. "లోన ఎవురున్నారు బండమ్మా?" అని అడిగింది. "మా ఇంటాయన" అంది అత్త. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ముసలామె మళ్ళీ ఎక్కి కూర్చుంది.

కంటి పరీక్షకు విజయనగరంలో నేనే దింపాను. ఘాట్ దిగి మైదానం రోడ్డు ఎక్కాక అత్త పాట ఆపేసింది. సంచిలోంచి డబ్బీ తీసి మిషన్లు పెట్టుకుంది. కూతురి ఫోనుకు తప్ప ఎప్పుడూ పెట్టుకోదు కనుక వింతగా చూశాను.

"ఏదైనా మాటాడు" అంది.

"ఏం మాట్లాడనత్తా?"

"ఏటో ఒకటి. నీ గొంతు మీ నాన్న గొంతేనే. ఇన్నాళ్ళూ నేను సెవితో కాదు, గురుతుతో ఇన్నాను."

కొట్టు సంగతులు చెప్పాను. కొత్తగా వచ్చిన పంచెల సరుకు గురించి చెప్పాను. విజయనగరం చేరేదాకా ఏవేవో చెబుతూనే ఉన్నాను. ఆమె కిటికీలోంచి పొలాలు చూస్తూ, మధ్యలో "ఊఁ" అంటూ, ఒక్కసారి కూడా "ఏటి?" అని అడగకుండా వింది. అదే చివరి ప్రయాణం అవుతుందని ఎవరికి తెలుసు.

కర్మలన్నీ అయ్యాక వదిన నాతో అరకు వస్తానంది. అమ్మ బట్టలు, సామాన్లు చూడాలి కదా. అత్త కూర్చునే సీట్లో కూర్చుంది. దారంతా ఇద్దరం పాట పెట్టలేదు. ఆ మీట మీద చెయ్యి వేయడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. వదిన కాళ్ళు ముడుచుకుని, విప్పుకుని, కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. నేను అవసరం లేని చోట గేర్లు మారుస్తున్నాను.

అరకు చేరబోతుండగా రైల్వే గేటు పడింది. ఆగాం. ఇనుప రాయి మోసే గూడ్సు బండి వస్తోంది. పట్టాల కంటే ముందు నేల కదిలింది. ఆ కదలిక చక్రాల్లోంచి కారులోకి, సీట్లలోకి పాకింది. ఇంజన్లు దాటాయి. వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, ఎర్రటి దుమ్ముతో, అంతు లేకుండా సాగుతున్నాయి. వదిన చెప్పులు విప్పేసింది. ఉత్త పాదాలు కారు నేల మీద ఆనించి, రెండు అరచేతులూ సీటు మీద పరిచి, తల వెనక్కి వాల్చింది. నేను ఇంజను ఆపేశాను.

చివరి వ్యాగను పోయింది. గేటు లేచింది. వెనక జీపులు, ఆటోలు హారన్లు మొదలుపెట్టాయి. రైలు కొండ మలుపు తిరిగి కనబడకుండా పోయినా, నేలలో ఆ దరువు ఇంకా కొంచెం మిగిలి ఉంది. వదిన కళ్ళు తెరవలేదు. నేను తాళం తిప్పలేదు.